కొసరు

కుతాయిసి సంతలో మా తాత ఎర్మిలెకి
మూడడుగుల కొట్టు, ఒక ఇత్తడి త్రాసు.
మొక్కజొన్న పిండి, అక్రోటు గింజలు,
పొగవాసన వేసే జున్ను.
తూకంలో వెంట్రుకవాసి తేడా రానివ్వడు,
కొసరన్న మాటే ఎరగడు.
పిసినారి అనేవాళ్ళు. అబద్ధమాడడని కూడా
వాళ్ళే అనేవాళ్ళు.

స్వానెతి కొండలు దిగొచ్చిన గొర్రెల కాపరి
ఉప్పు బాకీ కింద ఒక రాయి వదిలి వెళ్ళాడు.
కోడిగుడ్డంత, నల్లగా, ఒక పక్క పెచ్చు ఊడి.
"తూకానికి మాత్రం వాడకు" అన్నాడట.
మరెందుకిస్తున్నావని తాత అడగలేదు.
బాకీ తీరిందిగా.

మంచు పడుతున్న మంగళవారం, మొదటిసారి వాడాడు.
గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న పెలాగియా,
చంకలో పిల్ల, గుప్పిట్లో అరకిలోకి సరిపడా చిల్లర.
పాపం, అనుకున్నాడు తాత.
అంతే. పెదవి కూడా కదల్లేదు.
పళ్ళెంలో రాయి బరువెక్కింది.
పిండి పోస్తూనే ఉన్నాడు,
ముల్లు నిలబడేసరికి
సంచీకి మూతి కట్టడం ఆమె వల్ల కాలేదు.

ఎర్మిలె కొసరు వేస్తున్నాడట! అని సంతంతా గుప్పుమంది.
ఆ రాత్రి ఆయన పాడాడు.
ఆయన పాట నేను విన్నది అదొక్కసారే.

తర్వాత రాయి నేర్చుకుంది. లేదా తాత నేర్చుకున్నాడు.
ద్రాక్షతోటల కామందు కొనబోతే దూదిపింజ.
తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టే గువాంజికి
కిలోకి వంద గ్రాముల కోత.
చర్చి ఫాదర్‌కి సరిగ్గా కిలో, భయంకొద్దీ.
మేనకోడలి పెళ్ళిలో, ఏడాది తిరక్కుండానే,
పెలాగియా పగలబడి నవ్వింది.
మరుసటి వారం ఆమెకి పిడికెడు తగ్గింది.
ఎదురుపడి టోపీ తీయని కుర్రాడికి ఇంకో పిడికెడు.

చెప్పకపోతే తప్పు: ఒక్క గింజ తనకని దాచుకోలేదు.
దాచుకుని ఉంటే బాగుండేది.
దొంగయితే పట్టుకోవచ్చు, తన్నొచ్చు,
ఏదో ఒకనాటికి క్షమించొచ్చు.
ఊరందరి యోగ్యతా తూచే మనిషిని
ఏ త్రాసులో ఎక్కించాలి?

రాత్రిళ్ళు ఖాళీ పళ్ళేల ముందు కూర్చుని
ఒక్కో పేరూ చదివేవాడు,
రాయి ఎంత బరువెక్కుతుందో చూసేవాడు.
నా పేరు చదివిన రాత్రి తలుపుసందులో నిలబడ్డాను.
ముల్లు ఎటు వాలిందో చెప్పను.

పద్దులు రాసేది నేనే, అప్పటికి పన్నెండేళ్ళు.
పుస్తకం నిండా కిలోలే, వంకర లేకుండా.
ఫిబ్రవరిలో కాలిస్త్రాతె చిన్నకూతురు పోయింది.
ఎముకల మీద గౌను ఆరేసినట్టుంది.
ఆ చలికాలం వాళ్ళు ఆరుసార్లు పిండి కొన్నారు,
ఆరుసార్లూ ముల్లు నడిమధ్యన.
ఎప్పుడో ఒక కోర్టులో కాలిస్త్రాతె
మా తాత తమ్ముడి మీద సాక్ష్యం చెప్పాడు.

"నేనేం చేశాను? అందరూ ముల్లు చూశారుగా!"
బొంకలేదు, నిజంగానే అడిగాడు.
తను వంచిన ముల్లు ఆయనకి
అప్పటికే దేవుడి వేలై కనబడుతోంది.

ఆయన పోయాక రాయి మూటగట్టుకుని
రియోని వంతెన మీదికి మూడుసార్లు వెళ్ళాను.
మొదటిసారి వాన.
రెండోసారి, దీన్ని మంచి చేతుల్లో పెడితేనో? అనిపించింది.
ఎవరివా చేతులని వెతికితే నావే కనిపించాయి.
మూడోసారి విసిరేశాను.
అడిగినవాళ్ళందరికీ ఈ మాటే చెబుతాను.

నిన్న కొట్టు కట్టేసేవేళ
ఒక కుర్రాడు తేనె కోసం వచ్చాడు.
బూటు కొస నోరు తెరిచి ఉంది,
లోపల మడిచిన వార్తాపత్రిక, తడిసి.
పాపం, అనుకున్నాను.

ఏప్రన్ జేబు కిందికి లాగింది.